యుద్ధం నడుస్తుండగా రష్యా బ్యాలే చూడటానికి వెళ్లవచ్చా?

ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం సాగుతున్నంత కాలం ఆ దేశపు బ్యాలే బృందాల ప్రదర్శనలకు ప్రేక్షకులు దూరంగా ఉండాలా అని దుబాయ్‌లో స్థిరపడిన ఒక సోదరి అడిగారు. తమ అమ్మాయి కొన్నేళ్లుగా బ్యాలే నేర్చుకుంటోందనీ, రష్యా నుంచి ఒక బృందం వచ్చి ‘స్వాన్ లేక్’ ఆడబోతోందని తెలిసిన దగ్గర్నుంచీ తీసుకెళ్లమని పట్టుబడుతోందనీ రాశారు. టికెట్లు కొన్న సంగతి ఆఫీసులో మాటల మధ్య చెబితే, పక్క సీటులో కూర్చునే ఉక్రెయిన్ అమ్మాయి ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయిందట. ఇంట్లో భర్తగారేమో ‘డాన్సు చేసేవాళ్లు ఏం పాపం చేశారు’ అంటున్నారట. వెళ్లాలా, టికెట్లు వదులుకోవాలా, పాప నేర్చుకుంటున్నది కూడా రష్యన్ పద్ధతే కాబట్టి అదీ మాన్పించాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

నేను బ్రిటన్‌లో ఒక థియేటర్‌లో విదేశీ నృత్యబృందాలను రప్పించే విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఒప్పందాలు రాయించడం, వీసాల కాగితాలు సిద్ధం చేయడం, సెట్ల లారీలను దింపించడం మొదలుకొని మొదటి రోజు విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చూడటం దాకా అన్నీ నా చేతి మీదుగా నడిచేవి. ఆ అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రష్యా ప్రభుత్వం నడిపే బృందమైతే యుద్ధం ఆగేవరకూ వెళ్లవద్దు. ప్రైవేటు బృందమైతే దాని వెనక ఎవరున్నారో కనుక్కుని నిర్ణయించుకోండి. రష్యా విడిచి వచ్చి వేరే దేశాల బృందాల్లో ఆడుతున్న రష్యన్ కళాకారుల ప్రదర్శనలకు నిస్సంకోచంగా వెళ్లండి. ‘స్వాన్ లేక్’కు సంగీతం రాసిన చైకోవ్‌స్కీని వెలివేయవలసిన అవసరం లేదు. వీటన్నిటినీ కలగాపులగం చేసి ‘రష్యా వాళ్లది ఏదీ వద్దు’ అనేవారూ, ‘కళకు రాజకీయం అంటదు’ అని చేతులు దులుపుకునేవారూ అసలు విషయాన్ని తాకకుండానే వెళ్లిపోతున్నారు.

ప్రభుత్వ బృందాల సంగతి ఎందుకు వేరో ముందుగా చెప్పాలి. మాస్కోలోని బొల్షోయ్, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మరియిన్‌స్కీ కేవలం గొప్ప నాట్యశాలలు కావు. అవి రష్యా ప్రభుత్వ సంస్థలు. వాటి ఖర్చులో పెద్ద భాగం ఖజానా నుంచి వస్తుంది, వాటి అధిపతిని నియమించేది ప్రభుత్వం. 2023 డిసెంబరులో బొల్షోయ్ పగ్గాలు కూడా ఆర్కెస్ట్రా సారథి వలేరీ గెర్గియెవ్‌కే అప్పగించారు. ఆయన అప్పటికే మరియిన్‌స్కీకి అధిపతి. ఇలా రెండు మహా సంస్థలూ ఒకే మనిషి చేతికి వెళ్లాయి. ఆ మనిషి 2008 ఆగస్టులో జార్జియాతో యుద్ధం ముగిసీ ముగియగానే దక్షిణ ఒసేతియాలోని త్స్‌ఖిన్వాలీకి ఆర్కెస్ట్రాతో సహా వెళ్లి కచేరీ చేశారు. 2014లో ఉక్రెయిన్‌కు చెందిన క్రిమియాను రష్యా కలుపుకోవడాన్ని సమర్థిస్తూ వచ్చిన లేఖపై సంతకం పెట్టారు. 2016 మేలో సిరియాలోని పాల్మైరా శిథిలాల మధ్య రష్యా సైన్యం అండతో కచేరీ నడిపారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై దాడి మొదలయ్యాక దాన్ని ఖండించమని మ్యూనిక్ నగర మేయరు గడువు పెడితే ఆయన నోరు విప్పలేదు. మార్చి 1న నగరం ఆయన్ను అక్కడి ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా సారథి పదవి నుంచి తప్పించింది. ఆయన ఏలుబడిలోని బృందం విదేశానికి వచ్చినప్పుడు ‘వీళ్లకూ ప్రభుత్వానికీ సంబంధం లేదు’ అనడం ఎవరి వల్లా కాదు.

ఇంకొక సంగతి చెబితే విషయం మరింత స్పష్టమవుతుంది. 2022 ఏప్రిల్‌లో బొల్షోయ్ ‘స్పార్టకస్’ బ్యాలే ప్రదర్శించి, వచ్చిన వసూళ్లను ఉక్రెయిన్‌లో చనిపోయిన రష్యా సైనికుల కుటుంబాలకు ఇస్తామని ప్రకటించింది. బానిసల తిరుగుబాటు కథను పొరుగు దేశం మీద దండెత్తిన సైన్యం కోసం ఆడటం ఎంత బాధాకరమో పక్కన పెడదాం. సైనికుల కుటుంబాల దుఃఖాన్ని కూడా నేను తక్కువ చేయను. కానీ ఆ రోజుతో బొల్షోయ్ రంగస్థలం యుద్ధంతో ప్రత్యక్షంగా ముడిపడింది. అదే ఏడాది జూన్‌లో హెర్మిటేజ్ మ్యూజియం అధిపతి మిఖాయిల్ పియొత్రోవ్‌స్కీ ప్రభుత్వ పత్రికకు ఇచ్చిన ముఖాముఖిలో, విదేశాల్లో తాము పెట్టిన ప్రదర్శనలు కూడా ఒక విధమైన సాంస్కృతిక దండయాత్రే అన్న అర్థంలో గర్వంగా మాట్లాడారు. ప్రభుత్వం కళను ఎలా వాడుకుంటోందో ఆ వ్యవస్థలో పైస్థాయిలో ఉన్న మనిషే చెప్పాక మనం కాదని వాదించడం అనవసరం.

టికెట్టు డబ్బు నేరుగా తుపాకీ గుళ్లకు వెళుతుందా అని చాలామంది అడుగుతారు. నిజానికి విదేశీ పర్యటనలో డబ్బు అంత ముఖ్యమైనది కాదు. వంద మందికి పైగా నర్తకులు, సంగీతకారులు, సెట్లు, దుస్తుల పెట్టెలు, హోటళ్లు, విమానాలు కలిపితే, రప్పించిన నిర్వాహకుడికి లాభం మిగలడమే కష్టం. బృందానికి ముట్టే ఫీజు ఒక దేశపు యుద్ధ బడ్జెట్టు ముందు లెక్కలోకి రాదు. ప్రభుత్వానికి దక్కేది పరువు. నా ఉద్యోగంలో ప్రభుత్వ బృందాల మొదటి రాత్రి ఎలా ఉండేదో చెబుతాను. తెర లేవడానికి ముందు రాయబారిగారికి స్వాగతం. నడిమి వరసలో ఆయనకూ, ఆయన పిలుచుకున్న అతిథులకూ సీట్లు. కార్యక్రమ పుస్తకంలో మొదటి పేజీలో రాయబార కార్యాలయం వారి సందేశం. అందులో ఏ పదం మార్చాలన్నా మాకు అధికారం ఉండేది కాదు. విరామంలో బ్యాంకులవాళ్లు, పార్లమెంటు సభ్యులు, పత్రికాధిపతులు ఒక గదిలో చేరేవారు. ఆ గదిలో ఆ దేశం గురించి ఎవరూ చెడ్డమాట ఎత్తరు, ఎందుకంటే అప్పుడే అందరూ హంసలను చూసి వచ్చి ఉంటారు. ప్రతి దేశమూ ఇలాగే చేస్తుంది, మన భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలి కూచిపూడి బృందాలను విదేశాలకు పంపేదీ మన దేశానికి మంచి పేరు రావాలనే. మామూలు రోజుల్లో ఇందులో తప్పు లేదు. ఇంకో దేశపు నగరాల మీద రోజూ క్షిపణులు పడుతున్నప్పుడు ఆ గదిలోని మర్యాదకు మన చప్పట్లు కూడా తోడవుతాయి.

ఇక్కడే భర్తగారి ప్రశ్న వస్తుంది: నర్తకులు ఏం పాపం చేశారు? ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. వెనక వరసలో నిలబడే హంసల్లో చాలామంది ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. పదేళ్ల వయసులో ఇల్లు విడిచి నాట్య పాఠశాల హాస్టల్లో చేరినవాళ్లు. ప్రదర్శనకు ముందు డ్రెస్సింగ్ రూము బయట నేల మీద కాళ్లు బారజాపుకుని, సూదీ దారంతో పాయింట్ షూల (కాలివేళ్ల కొనల మీద నిలబడి ఆడటానికి వేసుకునే బూట్ల) ముందు భాగం కుట్టుకుంటూ, మధ్యమధ్య అమ్మకు ఫోను చేసుకునే పిల్లలను నేను ఎన్నోసార్లు చూశాను. 2022 మార్చి 4న వచ్చిన చట్టం ప్రకారం సైన్యం గురించి ‘అబద్ధపు సమాచారం’ చెప్పినవారికి రష్యాలో పదిహేనేళ్ల వరకూ జైలుశిక్ష పడవచ్చు. అలాంటి చోట తల్లిదండ్రులను వదిలి వచ్చిన పిల్లను ‘నువ్వెందుకు యుద్ధాన్ని ఖండించలేదు’ అని నిలదీసే హక్కు దుబాయ్‌లోనో లండన్‌లోనో సుఖంగా కూర్చున్న మనకు లేదు.

అయితే బహిష్కరణ శిక్ష కాదు. ఎవరి ప్రదర్శనకో మనం వెళ్లకపోవడం వారి మీద నేరం మోపడం కాదు. ఆ అమ్మాయికి మాస్కోలో రంగస్థలం ఉంది, జీతం ఉంది, ప్రేక్షకులు ఉన్నారు. విదేశీ పర్యటన రద్దయితే ఆమె నష్టపోయేది కొన్ని వారాల భత్యం, ఒక కల. ఆ కల పోవడం నిజమైన నష్టమే, నేను ఒప్పుకుంటాను. దానికి ఎదురుగా ఏముందో కూడా చూడాలి. కీవ్‌లోని జాతీయ ఒపేరాలో ప్రధాన నర్తకుడు ఆర్తెమ్ దత్సిషిన్ యుద్ధం మొదలైన మూడో రోజున ఫిరంగి గుండ్ల వర్షంలో గాయపడి, 2022 మార్చిలో ఆసుపత్రిలో చనిపోయారు. అదే రంగస్థలం మీద ఏళ్ల తరబడి ఆడిన ఒలెక్సాందర్ షపోవల్ సైన్యంలో చేరి ఆ సెప్టెంబరులో యుద్ధరంగంలో మరణించారు. మార్చి 16న మరియుపోల్‌లోని నాటకశాల మీద బాంబు పడింది. లోపల పిల్లలున్నారని ఆకాశం నుంచి కనబడేంత పెద్ద అక్షరాలతో ముంగిట్లో రాసి పెట్టినా పడింది. ఆ మే నెలలో కీవ్ ఒపేరా మళ్లీ తలుపులు తెరిచినప్పుడు, కింద ఉన్న ఆశ్రయంలో ఎంతమంది పడతారో అంతమందికే టికెట్లు అమ్మారు. సైరన్ మోగితే ఆట ఆపి అందరూ కిందికి దిగాలి. ఒక చోట నర్తకులు పర్యటన కోల్పోతున్నారు, ఇంకో చోట ప్రాణాలే కోల్పోతున్నారు.

నోరు విప్పగలిగినవారు విప్పారు కూడా. బొల్షోయ్ ప్రధాన నర్తకి ఓల్గా స్మిర్నోవా యుద్ధాన్ని మనస్ఫూర్తిగా వ్యతిరేకిస్తున్నానని బహిరంగంగా రాసి, 2022 మార్చిలో డచ్ నేషనల్ బ్యాలేకి వెళ్లిపోయారు. ఆమె తాతగారిది ఉక్రెయిన్ మూలం. ఒకప్పుడు బొల్షోయ్ బ్యాలేకి సారథ్యం వహించిన నృత్య దర్శకుడు అలెక్సీ రత్మాన్‌స్కీ కీవ్‌లో పెరిగినవారు, తల్లిదండ్రులు అక్కడే ఉన్నారు. దాడి మొదలైన రోజున ఆయన మాస్కోలో కొత్త నృత్యం తయారీలో ఉండి, దాన్ని సగంలో వదిలి వెంటనే దేశం దాటారు. మాస్కోలోనే మరో ముఖ్యమైన బ్యాలే బృందానికి దర్శకుడిగా ఉన్న ఫ్రెంచివాడు లొరాఁ ఇలేర్ రాజీనామా చేశారు. బొల్షోయ్ అధిపతి వ్లదీమిర్ ఉరిన్ సైతం యుద్ధం ఆపమని కోరిన తొలి లేఖల్లో ఒకదానిపై సంతకం పెట్టారు. క్రిమియా విషయంలో 2014లో ప్రభుత్వం పక్షాన నిలిచిన మనిషి ఆయన. తర్వాత ఆయన స్థానంలోకి గెర్గియెవ్ రావడం చూస్తే ఆ భవనంలో ఎలాంటి మనుషులకు చోటుందో తెలుస్తుంది.

వ్యక్తుల విషయంలో మాత్రం నేను చాలా జాగ్రత్త పాటించమంటాను. 2022 మార్చిలో పాశ్చాత్య సంస్థలు కొన్ని తొందరపడి చేసిన పనులు నాకు ఇప్పటికీ మింగుడుపడవు. ఇరవై ఏళ్ల పియానో కళాకారుడు అలెగ్జాండర్ మలొఫేయెవ్ యుద్ధం పట్ల తన సిగ్గునూ బాధనూ బహిరంగంగానే రాశాడు. అయినా మాంట్రియల్ సింఫనీ అతని కచేరీలను రద్దు చేసింది. బొల్షోయ్ సంగీత దర్శకుడు తుగాన్ సొఖియెవ్‌కు ఫ్రాన్సులోని తులూజ్‌లోనూ పదవి ఉండేది. ఎటో ఒకవైపు తేల్చుకోమని ఒత్తిడి వస్తే, ఒక సంగీత కుటుంబాన్ని వదిలి ఇంకొకదాన్ని ఎంచుకోలేనని రెండు పదవులనూ వదిలేశారు. పుట్టిన దేశాన్ని బట్టి మనిషిని వెలివేయడం, వేదిక ఎక్కాలంటే ముందు ప్రమాణం చేయమని కాగితం చాపడం, ఇవి నియంతలు చేసే పనులు. అధికారంతో తానై భుజం కలిపినవారిది వేరే లెక్క. ఉదాహరణకు బొల్షోయ్ తార స్వెత్లానా జఖారోవా ఉక్రెయిన్‌లోని లుత్స్‌క్‌లో పుట్టి, కీవ్‌లో నాట్యం నేర్చుకుని, తర్వాత రష్యా పార్లమెంటులో పాలక పక్ష సభ్యురాలిగా కూర్చుని, క్రిమియా లేఖపై సంతకం పెట్టారు. 2024 వసంతంలో దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో ఆమె ప్రదర్శనలు ఉక్రెయిన్ రాయబార కార్యాలయం అభ్యంతరం తర్వాత రద్దయ్యాయి. అది నాకు సబబుగానే తోచింది. ఆమె రష్యన్ అయినందుకు కాదు, తన పేరును స్వయంగా రాజ్యానికి అప్పగించినందుకు.

మీరు టికెట్లు కొన్న బృందం ఏ కోవలోదో చూడాలి. ప్రచార పత్రం మీద ‘స్టేట్’, ‘రాయల్’, ‘ఇంపీరియల్’, ‘మాస్కో’ లాంటి మాటలు ఉన్నంత మాత్రాన అది ప్రభుత్వ బృందం అయిపోదు, లేనంత మాత్రాన కాకుండానూ పోదు. ఇలాంటి పేర్లతో తిరిగే బృందాల్లో చాలావరకు ప్రైవేటు వ్యాపారాలు. ఒక నిర్వాహకుడు సీజనుకు సరిపడా నర్తకులను ఒప్పందం మీద తీసుకుని, రికార్డు చేసిన సంగీతంతో ఊరూరా బస్సులో తిప్పుతాడు. రాత్రి పదింటికి తెర దించి, సెట్లు లారీకెక్కించి, తెల్లారేసరికి ఇంకో ఊళ్లో దిగడం వాళ్ల దినచర్య. అందులో రష్యన్లతో పాటు ఉక్రెయిన్, మోల్దోవా, కజక్‌స్తాన్, జపాన్ పిల్లలూ ఉంటారు. 2022లో బ్రిటన్‌లోనూ ఐర్లండ్‌లోనూ ఇలాంటి బృందాల ప్రదర్శనలను థియేటర్లు వరసగా రద్దు చేశాయి. పేరులో ‘రష్యన్’ ఉండటమే కొన్నిటికి చేటు తెచ్చింది. పొట్టకూటికి ఆడే ఆ పిల్లలను రోడ్డున పడేయడం వల్ల క్రెమ్లిన్‌కు వెంట్రుక కూడా కదలలేదని నా నమ్మకం.

కాబట్టి థియేటరుకు ఒక ఈమెయిలు రాసి అడగండి. బృందం ఏ దేశంలో నమోదైంది, అది ప్రభుత్వ సంస్థా ప్రైవేటు కంపెనీనా, ఈ పర్యటనకు రష్యా సాంస్కృతిక మంత్రిత్వ శాఖ గానీ రాయబార కార్యాలయం గానీ సొమ్మో ఆశీస్సులో ఇస్తున్నాయా, ఆక్రమించుకున్న క్రిమియా, దొనెత్స్‌క్ ప్రాంతాల్లో ఈ బృందం ప్రదర్శనలు ఇచ్చిందా అని సూటిగా అడగండి. నిజాయతీగల నిర్వాహకుడు రెండు రోజుల్లో జవాబిస్తాడు. నీళ్లు నమిలితే అదే జవాబు అనుకోండి. పర్యటనకు సాయపడిన ప్రభుత్వ సంస్థల ముద్రలు తరచుగా కార్యక్రమ పుస్తకం చివరి అట్ట మీద ఉంటాయి. ఆ అట్ట ఫొటో ముందే పంపమని అడిగినా తప్పు లేదు.

చైకోవ్‌స్కీ విషయంలో ఉక్రెయిన్ వారితోనే నాకు కొంత భేదాభిప్రాయం ఉంది. అప్పటి ఉక్రెయిన్ సాంస్కృతిక మంత్రి ఒలెక్సాందర్ త్కచెంకో 2022 డిసెంబరులో లండన్ పత్రికలో వ్యాసం రాసి, యుద్ధం ముగిసేవరకూ చైకోవ్‌స్కీతో సహా రష్యా కళను పక్కన పెట్టమని మిత్రదేశాలను కోరారు. ఆ చలికాలం కీవ్ ఒపేరా చైకోవ్‌స్కీ ‘నట్‌క్రాకర్’ మానేసి ‘మంచు రాణి’ కథను ఆడింది. బాంబుల కింద ఉన్నవారికి ఏ సంగీతం వినాలో వద్దో నిర్ణయించుకునే హక్కు పూర్తిగా ఉంది, అందులో మనం వేలు పెట్టరాదు. మిగతా ప్రపంచం మాత్రం ఆ బరువును అలాగే నెత్తికెత్తుకోనక్కర్లేదు. కార్డిఫ్‌లో ఒక ఆర్కెస్ట్రా 2022లో చైకోవ్‌స్కీ రచన ‘1812’ ను కార్యక్రమం నుంచి తీసేసింది. ఫిరంగులు మోగే ఆ రచనను ఆ నెలలో ఆడకపోవడం సున్నితమైన ఆలోచనే తప్ప, చైకోవ్‌స్కీ మీద తీర్పు కాకూడదు. 1893లో చనిపోయిన మనిషి ఈ యుద్ధానికి బాధ్యుడు కాడు. ముత్తాత వైపు నుంచి ఆయనది ఉక్రెయిన్ కోసాక్కుల వంశం, ఎన్నో వేసవులు ఉక్రెయిన్‌లోని కామియాంకలో గడిపి సంగీతం రాశారు. అసలు ‘రష్యన్ బ్యాలే’ను నిర్మించిన మరియస్ పెతిపా మార్సేయ్‌లో పుట్టిన ఫ్రెంచివాడు, ‘స్వాన్ లేక్’ మూడో అంకంలో నల్లహంస తిరిగే ముప్పై రెండు చుట్లను అక్కడ ప్రవేశపెట్టింది పియెరీనా లెన్యానీ అనే ఇటాలియన్, ప్రఖ్యాత నర్తకుడు నిజిన్‌స్కీ పోలిష్ తల్లిదండ్రులకు కీవ్‌లో పుట్టినవాడు. ఈ కళనంతా క్రెమ్లిన్ సొత్తుగా మనమే రాసివ్వడం ఎందుకు?

బహిష్కరణల వల్ల ఏమైనా ఒరుగుతుందా అన్నది తర్వాతి సందేహం. 1956 అక్టోబరులో బొల్షోయ్ మొదటిసారి లండన్ వచ్చి, గలీనా ఉలనోవా ఆటతో నగరాన్ని ఊపేసింది. నెల తిరిగేసరికి సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి దిగాయి. బదులుగా మాస్కో వెళ్లవలసిన బ్రిటన్ బృందం శాడ్లర్స్ వెల్స్ బ్యాలే ఆ ప్రయాణాన్ని రద్దు చేసుకుంది. హంగేరీకి దానివల్ల విముక్తి రాలేదు. 1979 చివర్లో అఫ్గానిస్తాన్ దాడి తర్వాత అమెరికాకు సోవియట్ ప్రభుత్వ బృందాల రాక నిలిచిపోయి, 1985లో జెనీవా ఒప్పందం తర్వాతే మళ్లీ మొదలైంది. 1986లో కిరోవ్ బ్యాలే (సోవియట్ రోజుల్లో మరియిన్‌స్కీ పేరు అదే), 1987లో బొల్షోయ్ వెళ్లాయి. ఆ విరామం వల్ల కాబూల్ నుంచి సైన్యం వెనక్కి రాలేదు. ఈ మాట దాచిపెట్టి, మనం ఒక సాయంత్రం ఇంట్లో కూర్చుంటే యుద్ధం ఆగిపోతుందని ఎవరికీ చెప్పను.

స్పష్టమైన కోరిక ముందుపెట్టి చేసిన ఒత్తిడి మాత్రం పనిచేసిన సందర్భం ఉంది. కిరోవ్ నర్తకుడు వలేరీ పనోవ్, ఆయన భార్య గలీనా 1972లో ఇజ్రాయెల్ వెళ్లిపోవడానికి అనుమతి అడిగినందుకు రంగస్థలానికి దూరమై, రెండేళ్లు ఇంట్లో మగ్గారు. 1974 వేసవిలో బొల్షోయ్ లండన్ సీజన్ దగ్గర పడుతుండగా బ్రిటన్ నటులూ నర్తకులూ పనోవ్‌లను వదలకపోతే ఆ ప్రదర్శనలను ప్రశాంతంగా సాగనివ్వబోమని గొంతెత్తారు. జూన్‌లో దంపతులిద్దరికీ దేశం విడిచే అనుమతి వచ్చింది. అది ఒక్కటే కారణమని అనలేం గానీ, మాస్కోకు విదేశీ చప్పట్లు ఎంత అవసరమో ఆ ఘటన చూపించింది. దక్షిణాఫ్రికా మీద ఐక్యరాజ్యసమితి 1968లో పిలుపునిచ్చిన సాంస్కృతిక బహిష్కరణ రెండు దశాబ్దాలకు పైగా సాగింది. దాన్ని కోరింది అక్కడ అణచివేతకు గురైనవారే. 1987లో అక్కడి ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు ఆలివర్ తాంబో, జాతివివక్షకు ఎదురు నిలిచిన కళాకారులకు ఈ నిషేధం వర్తించకూడదని సవరణ చెప్పిందీ వారి పక్షానే. ఎవరు కోరుతున్నారు, ఎవరిని ఉద్దేశించి కోరుతున్నారు, ఏం జరిగితే ఎత్తివేస్తారు అన్న మూడు సంగతులూ తేలినప్పుడే బహిష్కరణకు బలం వస్తుంది. ఇప్పటి విషయంలో కోరుతున్నది ఉక్రెయిన్ ప్రజలు, ఉద్దేశించింది రష్యా ప్రభుత్వ సంస్థలను. ఎత్తివేసే షరతు కూడా చెప్పడం మన బాధ్యత: దాడులు ఆగిననాడు బొల్షోయ్‌కు తలుపులు తెరవాలి.

ఇరాక్ మీద 2003లో దండెత్తిన అమెరికా బ్యాలేలను ఎవరూ బహిష్కరించలేదు కదా అనే ప్రశ్న న్యాయమైనదే. ఆ రోజుల్లో అమెరికా ప్రభుత్వం ఖర్చు పెట్టి తన ప్రతిష్ఠ కోసం పంపిన కార్యక్రమాలను ఎవరైనా కాదని ఉంటే నేను తప్పు పట్టేవాణ్ని కాదు. ఇజ్రాయెల్‌కు చెందిన బత్‌షెవా బృందానికి 2012లో ఎడిన్‌బరోలో నిరసనలు ఎదురయ్యాయి. అక్కడా ఇదే కొలబద్ద పెట్టి చూడాలి. మన దేశంలో 2015లో గులాం అలీ ముంబై కచేరీని బెదిరించి ఆపించినప్పుడు మాత్రం నాకు బాధేసింది, ఎందుకంటే ఆ గజల్ గాయకుణ్ని ఏ ప్రభుత్వమూ తన జెండా పట్టుకుని పంపలేదు. పాకిస్తాన్ కళాకారులందరినీ నిషేధించాలన్న పిటిషన్‌ను బొంబాయి హైకోర్టు 2023లో కొట్టేయడం సరైన పని. ప్రేక్షకుడు తనంతట తాను వెళ్లకపోవడం ఒకటి, రాళ్లు పట్టుకుని ఇంకొకరిని వెళ్లనివ్వకపోవడం ఇంకొకటి.

కళ దేశాల మధ్య వారధి అనే మాటను నేనూ నమ్ముతాను, నా బతుకంతా దాని మీదే నడిచింది. 1959లో బొల్షోయ్ న్యూయార్క్ వెళ్లినప్పుడూ, కిరోవ్‌తో 1961లో పారిస్ వచ్చిన సోవియట్ నర్తకుడు నురేయెవ్ అక్కడి విమానాశ్రయంలో స్వేచ్ఛ కోరినప్పుడూ ఆ రాకపోకల వల్ల మనుషుల మధ్య గోడలు కొంత పలచబడ్డాయి. అయితే ఆ రోజుల్లో ఆ పర్యటనలు రెండు వైపులా నడిచేవి. అక్కడివారు ఇక్కడికి వస్తే ఇక్కడివారు అక్కడికి వెళ్లి, అక్కడి ప్రేక్షకులు అంతవరకూ చూడనిది చూపించేవారు. ఇప్పుడు నురేయెవ్ జీవితం మీద బొల్షోయ్ స్వయంగా తయారు చేసిన బ్యాలేనే 2023లో తన జాబితాలోంచి తొలగించింది. తన ఇంట్లో నురేయెవ్‌కు చోటివ్వని సంస్థ మన ఊరికి వచ్చి వారధి కట్టగలదని నేను అనుకోను.

ఈ యుద్ధం మనకు ఎక్కడో దూరాన జరుగుతున్నదీ కాదు. 2022లో ఖార్కివ్, విన్నిత్స్యా, జపొరీజ్జియాలలో వైద్యం చదువుతున్న మన ఆంధ్ర, తెలంగాణ పిల్లలు నేలమాళిగల్లో దాక్కుని ఇంటికి వీడియోలు పంపిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఉద్యోగమని నమ్మించి రష్యా సైన్యంలో చేర్చిన హైదరాబాద్ యువకుడొకరు 2024లో అక్కడే చనిపోయారు.

ఇక టికెట్ల సంగతి. బృందం ప్రభుత్వానిదని తేలితే, ఊరికే వెళ్లకుండా ఉండిపోవడం వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఖాళీ సీటు చూసి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారనుకుంటారు. డబ్బు వెనక్కివ్వమని రాసి అడగండి, కారణం రెండు వాక్యాల్లో చెప్పండి, యుద్ధం ఆగాక ఇదే బృందాన్ని చూడటానికి వస్తామని కూడా రాయండి. వచ్చే సీజన్‌కు ఎవరిని పిలవాలో తేల్చే సమావేశంలో అలాంటి ఉత్తరాలను బల్ల మీద పెట్టి చదువుతారు; పది ఉత్తరాలు ఒకే మాట చెబితే పట్టించుకోని నిర్వాహకుణ్ని నేను చూడలేదు. 2025 జూలైలో ఇటలీలోని కసెర్తాలో గెర్గియెవ్ కచేరీ రద్దయింది ఇలాంటి అభ్యంతరాలు పోగైనందువల్లే. డబ్బు ఇవ్వనంటే వదిలేయండి. మీ సహోద్యోగికి సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు గానీ, ఏం నిర్ణయించుకున్నారో ఒక మాట చెప్పండి. ప్రైవేటు బృందమని తేలితే పాపను తీసుకుని వెళ్లి హాయిగా చూడండి, అదీ ఆ సహోద్యోగికి చెప్పే వెళ్లండి.

పాపకు మంచి బ్యాలే చూపించాలంటే దారులు చాలా ఉన్నాయి. ఉక్రెయిన్ జాతీయ బ్యాలే విదేశాల్లో పర్యటిస్తూనే ఉంది. శరణార్థులుగా వచ్చిన నర్తకులు నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో చేరి యునైటెడ్ ఉక్రెయినియన్ బ్యాలేగా ఏర్పడ్డారు; రత్మాన్‌స్కీ వారి కోసం ‘జిసెల్’ తయారు చేస్తే 2022 సెప్టెంబరులో లండన్ కొలీజియంలో ఆడారు. స్మిర్నోవా ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆడుతున్నారు. సెలవులకు యూరప్ వెళ్లే ఆలోచన ఉంటే ఆ తేదీలు చూసుకుని టికెట్లు కొనండి.

క్లాసు మాత్రం మాన్పించవద్దు. పాప నేర్చుకుంటున్నది అగ్రిప్పినా వగనోవా అనే గురువు లెనిన్‌గ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) తీర్చిదిద్దిన పద్ధతి అయి ఉంటుంది. కీవ్ నాట్య పాఠశాలలో పిల్లలు ఇవాళ్టికీ గోడకు బిగించిన కడ్డీ పట్టుకుని నేర్చుకునేది ఆ పద్ధతే, దత్సిషిన్ నేర్చుకున్నదీ అదే. గురువుగారు రష్యన్ అయినా, ఉక్రెయినియన్ అయినా, పాపకు మోకాలు నొప్పి రాకుండా పాయింట్ షూ ఎప్పుడు వేయించాలో తెలిసినవారైతే చాలు.